పేర్రాజు గారి కొట్టు కళ్ళజోడు

నేను ఒక కళ్ళజోడును. ప్లస్ రెండు పవరు, గోధుమరంగు ప్లాస్టిక్ ఫ్రేము, చత్వారం వచ్చినవాళ్ళ కోసం పుట్టినదాన్ని. మీకు నలభై దాటితే నన్ను వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. దాటకపోతే తొందరేం లేదు, ఎలాగూ కలుస్తాం. ముందు ఒక్క మాట. కూర్చునే చోటు ఒకసారి చూసుకుని కూర్చోండి. మా వాళ్ళలో సగం మంది మనుషుల బరువు కింద పోయినవాళ్ళే. నాకు భయం ఎక్కువ. ఆ సంగతి దాచుకోవడం చేతకాదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ఏ ఊళ్ళో పుట్టానో తెలియదు. రేకుల షెడ్డు, మధ్యలో మిషను, మరిగే ప్లాస్టిక్కు వాసన, అంతే గుర్తు. అచ్చులో పోసి నొక్కితే నా ఒళ్ళు వచ్చింది. అద్దాలు బిగించి, ఎడమ కంటి మీద పవరు చీటీ అంటించి, మమ్మల్నందరినీ ఒక అట్టపెట్టెలో కుక్కారు. పెట్టె తెరిచేసరికి కాకినాడ మెయిన్ రోడ్డు, తోపుడు బండి, ఎండ. వచ్చినవాళ్ళు నన్ను పెట్టుకోవడం, పక్కవాడి చేతిలో పేపరు లాక్కుని చదవడం, పెదవి విరిచి బండి మీదకి గిరాటెయ్యడం. ఆ గిరాటు ఎప్పుడూ ఎటు పడుతుందో తెలిసేది కాదు. నా భయానికి మొదటి పాఠాలు అక్కడే.

నన్ను మొదట కొన్నది జాతకాలు చెప్పే ఒక సిద్ధాంతి గారు. మంచి మనిషి. నాలోంచి చక్రం చూసి, గుండెలో రాయి పడ్డట్టు ఆగిపోయి, 'భేషుగ్గా ఉందమ్మా, ఈ ఏడు దాటితే తిరుగు లేదు' అనేవారు. ఆయన కళ్ళు చూసినదానికీ, నోరు చెప్పినదానికీ సంబంధం ఉండేది కాదు. వినేవాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. కూతురు బంగారు ఫ్రేము కళ్ళజోడు కొనిపెట్టాక, నన్ను పక్కవాటాలో ఉండే లెక్చరర్ గారికి ఇచ్చేశారు.

ఆ లెక్చరర్ గారు పుస్తకాల పిచ్చివాడే గాని కొనే పిచ్చి లేదు. రోజూ సాయంత్రం పేర్రాజు గారి కోకిల బుక్ సెంటర్‌కి వచ్చి, అలమర దగ్గర నిలబడి, రోజుకో అధ్యాయం చదివి వెళ్ళేవారు. పేర్రాజు గారు ఏమీ అనేవారు కాదు. ఆఖరి అధ్యాయం రోజు మాత్రం ఎంతో మర్యాదగా, 'ప్యాక్ చేయించమంటారా అండీ' అని అడిగారు. లెక్చరర్ గారు పుస్తకం పెట్టేసి, పుస్తకం మీద నన్నూ పెట్టేసి, అర్జెంటు పని ఉందని మెట్లు దిగారు. మళ్ళీ రాలేదు. అలా నేను కొట్టుదాన్ని అయ్యాను. కళ్ళజోడు మర్చిపోయి వచ్చేవాళ్ళు అట్ట వెనక రాసింది చదువుకోవడానికి పనికొస్తానని నన్ను కౌంటరు మీద ఉంచారు.

మందుల షాపు పైన మేడ మీద ఆ కొట్టు. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం అలమరలు పక్కకి జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేసేవారు. కవితలు, కథలు చదివే కార్యక్రమం అది. మొదట్లో ఎవరు రాసింది వాళ్ళే చదివేవారు. అదీ ఇబ్బంది. రైళ్ళ మీద తప్ప రాయని ఒక రిటైర్డ్ గార్డు గారు ఉండేవారు. పది పంక్తుల కవిత చదవడానికి ముందు, ఏ స్టేషన్‌లో, ఏ సిగ్నల్ దగ్గర, ఏ మానసిక స్థితిలో అది తట్టిందో వివరించేసరికి జనం టీ కోసం మెట్ల వైపు చూసేవాళ్ళు. పేర్రాజు గారు విసిగి ఒక కట్టుబాటు పెట్టారు. ఇక్కడ ఎవరు రాసింది వాళ్ళు చదవకూడదు. అందరి రచనలూ ఆయనే కంప్యూటర్ మీద టైపు చేసి, పేరు లేకుండా మడిచి వెదురుబుట్టలో వేస్తారు. చెయ్యి పెట్టి తీసినవాళ్ళు తీసింది చదవాలి. రాసింది ఎవరో వాళ్ళంతట వాళ్ళు చెప్పుకుంటే సరే, లేకపోతే రెండోవాళ్ళు అడగకూడదు.

ఈ పద్ధతి వచ్చాక కవుల కష్టాలు చూడాలి. తన విరహాన్ని ఎవరో బస్సు టైమింగుల్లా చదివేస్తుంటే, రాసినాయన కుర్చీలో మెలికలు తిరిగేవాడు. తన రచనైతే ఎవరికైనా నోటికి వస్తుంది, పక్కవాళ్ళది రాదు. అందుకని అందరికీ కళ్ళజోడు కావలసి వచ్చేది. ఒక్క సాయంత్రంలో ఎన్ని ముక్కులు ఎక్కేదాన్నో. ఒకరి చెమట ఆరకముందే ఇంకొకరి చెమట. ఎవరి చేతిలో జారతానోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేదాన్ని.

హైమవతి గారు ఏడాదిగా వస్తున్నారు. పోస్టాఫీసులో కౌంటరు మీద పని. పిల్లల పుస్తకాల అలమర పక్క కుర్చీ ఆవిడది. వింటుంది, ఏమీ మాట్లాడదు. కింద స్కూటరు ఆగగానే మధ్యలో ఉన్నది మధ్యలో వదిలేసి లేచిపోతుంది. ఆవిడ రాస్తుందని ఎవరూ అనుకోలేదు. ఒక రోజు మధ్యాహ్నం భోజనం వేళ వచ్చి, పేర్రాజు గారి చేతిలో కొన్ని కాగితాలు పెట్టింది.

"ఇది కూడా బుట్టలో వేస్తారా అండి. పేరు వద్దండి."

"మన రూలే అది కదమ్మా. ఏసేద్దాం."

ఆయన నన్ను పెట్టుకుని టైపు చేశారు. టైపు చేసేటప్పుడు పేర్రాజు గారు దీర్ఘాలూ ఒత్తులూ చూస్తారు, కథ చూడరు. కథంతా నేను చదివాను.

పేరు 'చెప్పుల చప్పుడు'. అందులో ఒకామె. సాయంత్రం గుమ్మం బయట మొగుడు చెప్పులు విడిచే చప్పుడు విని ఆ రాత్రి ఎలా ఉంటుందో ముందే పోల్చుకుంటుంది. రెండు చెప్పులూ ఒక్కసారి పడితే పరవాలేదు. ఒకటి పడి, కాసేపటికి రెండోది గోడకి తగిలితే, గాజువీ పింగాణీవీ అందకుండా సర్దేస్తుంది. అతను చెయ్యి చేసుకోడు. చేతిలో ఉన్నది విసురుతాడు. ఒకసారి సాంబారు గిన్నె విసిరితే గోడ మీద మరక పడింది, ఎంత తోమినా పోలేదు. దాని మీద క్యాలెండర్ తగిలించింది. మరక కిందికి ఉంది కాబట్టి క్యాలెండర్ మోకాలెత్తున వేలాడుతుంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే మొగుడే నవ్వుతూ, 'మా ఇంట్లో తేదీలు చూసేది పిల్లి' అంటాడు.

ఆ రాత్రి నుంచి నా మనసు మనసులో లేదు. కథలో అతను విసిరిన వస్తువుల్లో ఒక కళ్ళజోడు కూడా ఉంది.

ఆ నెల రెండో ఆదివారం వాన పట్టుకుంది. హైమవతి గారు తడుస్తూనే వచ్చింది, కళ్ళకి అద్దాలు లేవు.

"జోడేదమ్మా" అన్నారు పేర్రాజు గారు.

"చూసుకోకుండా మీద కూర్చున్నానండి. విరిగిపోయింది."

నేను కౌంటరు మీంచి విన్నాను. నమ్మలేదు.

కుర్చీల్లో సగం ఖాళీ. గార్డు గారు, రిటైర్డ్ తెలుగు టీచరు సీతారత్నం గారు, ఇంకో నలుగురైదుగురు, అంతే. సగం కార్యక్రమం అయ్యాక మెట్ల మీద గొడుగు దులుపుతున్న చప్పుడు. హైమవతి గారి భర్త గంగాధరం గారు. మామూలుగా కిందే స్కూటరు మీద కూర్చునేవాడు, వానకి పైకి వచ్చాడు. పోర్టులో ఎగుమతుల ఆఫీసులో ఉద్యోగం. ఊళ్ళో ఆయనంటే అందరికీ ఇష్టమే. ఎదురైతే టీ తాగించకుండా వదలడు, ఎవరింట్లో పెళ్ళైనా వడ్డనకి ముందుంటాడు. వస్తూనే గార్డు గారి భుజం తట్టి, "ఈ వానలో మీ రైళ్ళు నడుస్తున్నాయాండి" అన్నాడు. అందరూ నవ్వారు. హైమవతి గారు కూడా నవ్వింది, అందరికంటే ముందే.

పేర్రాజు గారు ఆయన్ని చూసి ముచ్చటపడిపోయారు.

"సమయానికి వచ్చేరండి. వానకి జనం లేరు. బుట్టలో కాగితాలున్నాయి గాని చదివే గొంతుల్లేవు. ఓటి అందుకోండి."

"నాకేం తెలుసండి బాబూ కవిత్వం."

"చదవడానికి తెలియక్కర్లేదండి. ఇక్కడ చాలామంది అలాగే చదువుతారు."

ఇంత పొరపాటు పేర్రాజు గారు ఒక్కరే చెయ్యగలరు. కథ రాసింది ఎవరో ఆయనకి తెలుసు. అది కథ అని మాత్రమే ఆయనకి తెలుసు. కథల్లో ఉండేవాళ్ళు ఎక్కడో ఉంటారనీ, మెట్లెక్కి కొట్టుకి రారనీ ఆయన నమ్మకం. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు అమ్ముతున్న మనిషి.

గంగాధరం గారు జేబులు తడుముకుని కళ్ళజోడు తేలేదన్నాడు. పేర్రాజు గారు నన్ను తీసి ఆయన చేతిలో పెట్టారు. బలమైన వేళ్ళు. ముక్కు మీద కూర్చోబెట్టుకుని, రెండో చెయ్యి బుట్టలో పెట్టాడు. బుట్టలో మందపాటి కట్ట ఒక్కటే ఉంది, మిగిలినవన్నీ ఒంటి కాగితాలు. ఆయన వేళ్ళు ఒంటి కాగితాల్ని తాకి, పక్కకి తోసి, కట్ట మీద ఆగాయి. వద్దు వద్దు అనుకున్నాను. కళ్ళజోడు అనుకుంటే ఎవరు వింటారు.

"లావుది తగిలిందండి. ఇరుక్కున్నాను" అంటూ విప్పాడు. పేరు పైకి చదివాడు. చెప్పుల చప్పుడు.

పిల్లల పుస్తకాల అలమర పక్క కుర్చీ కిర్రుమంది.

పేర్రాజు గారు ఇక నిశ్చింతగా టీలు తేవడానికి కిందికి వెళ్ళారు.

గంగాధరం గారు బాగా చదివాడు. నిజంగా బాగా చదివాడు. గొంతు కంచు గొంతు, ఎక్కడ ఆగాలో తెలుసు. మొదటి కాగితం నవ్విస్తూ చదివాడు. చెప్పుల చప్పుడు దగ్గర నోటితో టప్ మని చప్పుడు కూడా చేశాడు. తనని తాను పోల్చుకోలేదు. తన చెప్పులు ఎలా పడతాయో ఏ మగాడికి తెలుస్తుంది, అది వినేవాళ్ళకి తెలుస్తుంది.

రెండో కాగితం మధ్యలో క్యాలెండర్ వచ్చింది. ఆ పంక్తి నాకు కనిపిస్తూనే ఉంది, ఒక్కో మాటా దగ్గరవుతోంది. ఆపలేను. 'క్యాలెండర్ మోకాలెత్తున వేలాడుతోంది' అని చదివాడు. గార్డు గారు నవ్వారు. పిల్లి మాట వచ్చింది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ మాట ఆయనదే.

గొంతు ఆగింది. అందరూ నవ్వు కోసం ఆగాడనుకున్నారు. ఆయన నా అంచు మీదుగా కళ్ళెత్తి అలమర వైపు చూశాడు. నా కింద ముక్కు మీద చెమట పట్టి, నేను జారాను. ఆయన ఒక వేలితో నన్ను వెనక్కి నెట్టాడు. ఎంత నెమ్మదిగా నెట్టాడంటే, విసిరేసినా అంత భయపడేదాన్ని కాను.

తర్వాత చదువుతూనే ఉన్నాడు. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. మూడో కాగితం ఉప్పూ కారం లేకుండా చదివాడు. అందులో గిన్నె ఉంది, గోడ ఉంది, విరిగిన కళ్ళజోడు ఉంది.   ఆఖరి కాగితం తిప్పాడు. దాని మీద ఒకే ఒక్క పేరా. ఆయన కళ్ళు దాని మీద ఒకసారి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. నోరు కదల్లేదు.

"అంతేనండి. అయిపోయింది" అన్నాడు.

ఆ కాగితాన్ని పిన్నులోంచి మెల్లగా లాగి, నాలుగు మడతలు పెట్టి, జేబురుమాలు పెట్టుకున్నట్టు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కథ అక్కడ అవ్వలేదని కొట్టులో ముగ్గురికే తెలుసు. ఆయనకి, నాకు, రాసినావిడకి. నేను చెప్పలేను. ఆయన చెప్పడు. ఆవిడ చెప్పాలంటే రాసింది తనేనని ఒప్పుకోవాలి, ఆ మనిషి ఎదురుగా. అలా ఒప్పుకుని ఆ ఇంటికే వెళ్ళాలి.

చప్పట్లు కొట్టారు. సీతారత్నం గారు కళ్ళు తుడుచుకుని, "ఎంత బాగా చదివేరండి. ఆ మొగుడే వచ్చి చదివినట్టుంది" అన్నారు. ఆయన నవ్వాడు. ముక్కు మీద నేను ఊగాను.

"కానండి, మధ్యలో తెగినట్టుంది కథ. ఆవిడ చివరికి ఏం చేసినట్టు" అన్నారు గార్డు గారు.

"ఏం చేస్తాదండి. భయపడి ఊరుకునుంటాది" అన్నాడు గంగాధరం గారు. గొంతులో చక్కెర. "కొందరాడాళ్ళకి ఊరికినే భయమండి. మొగుడు కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, కథలల్లేస్తారు."

 నాకు ఆ క్షణంలో ఒకటే కోరిక, ఆవిడ నోరు మూసుకుని కూర్చుంటే బాగుండునని. సిగ్గులేకుండా చెబుతున్నాను, అదే కోరుకున్నాను. వానలో ఇంటికి వెళ్ళి, ఏదో సర్ది చెప్పుకుని, బతికితే చాలని. భయం అలాగే ఆలోచిస్తుంది.

"ఇంకో కాగితం ఉందండి."

గొంతు చాలా చిన్నది. అలమర వైపు నుంచి వచ్చింది.

"ఎక్కడుంది? లేదే" అన్నాడు ఆయన, చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిప్పి చూపిస్తూ.

"మీ జేబులో ఉందండి."

సీతారత్నం గారు ఆవిడ వైపు చూశారు, ఆయన జేబు వైపు చూశారు. నెమ్మదిగా అందరి తలలూ అలాగే తిరిగాయి. గార్డు గారు ఇందాక నవ్విన నవ్వు గుర్తొచ్చి కాబోలు, తల దించుకున్నారు. గంగాధరం గారు జేబులో చెయ్యి పెట్టి, "ఓహో, ఇదా. నేను చూడనేలేదు సుమా" అని కాగితం తీశాడు. హైమవతి గారు లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. కాగితం అందుకుంది. చెయ్యి ఇంకా చాపే ఉంచింది.

"కళ్ళజోడు కూడా ఇవ్వండి. నాది లేదు కదండి."

ఆయన నన్ను తీశాడు. గుప్పిట్లో పట్టుకున్నాడు. నా కాడ ఒకటి వంగింది, ఇంకాస్త వంగింది, మర దగ్గర సన్నగా పటుక్కుమంది. నా కథ అయిపోయిందనుకున్నాను. కాని నలుగురిలో ఆయన దేన్నీ విసరడు. ఆవిడ అరచేతిలో ఎంతో మెత్తగా పెట్టాడు. పెట్టి, గొడుగు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆవిడ నన్ను పెట్టుకుంది. వదులైన కాడని చెవి దగ్గర వేలితో పట్టుకుంది. కాగితాన్ని నా దగ్గరికి తెచ్చుకుంది. చదివింది.

"'ఆ రోజు ఆమె క్యాలెండర్ తీసేసింది. మేకు కూడా పీకేసింది. మరక అలాగే ఉంది. సాయంత్రం పక్కింటావిడ పెరుగు తోడు కోసం వచ్చి, ఆ గోడేంటండీ అలా ఉంది అని అడిగింది. కూర్చోండి, చెబుతాను అంది ఆమె.'"

చదవడం ఆపి, "అయిపోయిందండి. నేనే రాశాను" అంది.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. సీతారత్నం గారు పక్క కుర్చీలోంచి తన సంచీ తీసి కింద పెట్టుకున్నారు. ఆ కుర్చీ ఖాళీ అయింది. అప్పుడే పేర్రాజు గారు టీ గ్లాసుల పళ్ళెంతో మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో గంగాధరం గారి పక్కన ఏమీ అర్థం కాక ఆగిపోయారు.

"హైమా, వాన తగ్గింది. పద, ఎల్దాం." గుమ్మంలోంచి గొంతు. ఎంతో ప్రేమగా ఉంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. నాలోంచి చూస్తే చేతికందేంత దూరమే తేటగా ఉంటుంది. అవతలంతా మసక. అందుకే దూరం చూడాలంటే అందరూ నన్ను కిందికి జార్చి అంచు మీదుగా చూస్తారు, ఇందాక ఆయన చూసినట్టు. లేదా తీసేస్తారు. హైమవతి గారు నన్ను తీయలేదు. ఇంకా పైకి, రెప్పలకి తగిలేదాకా నొక్కుకుంది. తలెత్తి తిన్నగా గుమ్మం వైపే చూసింది. అక్కడ ఒక ఆకారం ఉంది, చేతిలో నల్లగా ఏదో ఉంది. మొహం లేదు.

"మీరు వెళ్ళండి. ఇవాళ నేను రాను" అంది.

ఆకారం కదల్లేదు. ఆవిడ గుండె చప్పుడు చెవి దగ్గర నా కాడలోకి వస్తోంది. ఇప్పుడు ఆయన నాలుగడుగులు వేసి దగ్గరికొస్తే మొహం తేటపడుతుంది. ఆ మొహం కనిపిస్తే ఆవిడ వెనకే వెళ్ళిపోతుంది, నాకు తెలుసు, అలవాటు అలాంటిది. నా బతుకులో మొదటిసారి నా అద్దాలు ఇంకాస్త మసకగా ఉంటే బాగుండుననుకున్నాను.

"హైమవతి ఇయ్యాల మా ఇంట్లో ఉంటాదిలెండి" అన్నారు సీతారత్నం గారు, ఎటూ చూడకుండా.

 తర్వాత గుమ్మంలో వెలుతురు కాస్త పెరిగినట్టనిపించింది. ఆవిడకీ నాకూ అంతకంటే తెలియలేదు.

"వెళ్ళారాండి" అని అడిగింది, అటే చూస్తూ.

"మెట్లు దిగేరమ్మా" అన్నారు పేర్రాజు గారు.

"ఇంకోసారి చూడండి."

ఆయన పళ్ళెం కౌంటరు మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళారు. వంగి చాలాసేపు చూశారు.

"స్కూటరు మలుపు తిరిగిపోయిందమ్మా."

అప్పుడు గాని ఆవిడ నన్ను తీయలేదు.